మన షెవర్లేకి పట్టీలు ఎందుకు పీకేశాను

మాధవరం, చెన్నై
ఆదివారం రాత్రి

చి. పిల్లలకి తాతయ్య ఆశీస్సులు.

సాయంత్రం మీరు బయల్దేరేటప్పుడు చిన్నోడు ఒక ప్రశ్న వేశాడు. "అందరూ బండికి కొత్తవి బిగించి బాగుచేస్తారు కదా, నువ్వేంటి తాతయ్యా ఉన్నవి పీకేశావు?" అని. అప్పుడు నా చేతుల నిండా గ్రీజు, మీ నాన్నకేమో తొందర. ఫోన్లో చెబితే సగంలో మీకు వేరే ఆట గుర్తొస్తుంది. అందుకే రాస్తున్నాను. అక్క పైకి చదివితే మిగతావాళ్ళు వినండి.

మన బండి 1951 నాటి షెవర్లే పికప్. దాన్ని అర టన్ను పికప్ అంటారు. అంటే వెనక తొట్టిలో సుమారు 450 కిలోలు వేసుకోవచ్చని లెక్క. ఆ లెక్క నేనెప్పుడూ పాటించలేదు. 1984లో ఈ ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు, ఇసుక, సిమెంటు అన్నీ దాంట్లోనే తోలాను. తోక నేలకి ఆనుతోందని ఒక పాత వ్యాను స్ప్రింగు పట్టీలు తెచ్చి, వెనక చక్రాల దగ్గరి పట్టీల కట్టలో పక్కకి రెండు చొప్పున దూర్చాను. తప్పు పూర్తిగా నాదే. ఇల్లు లేచింది, ఇటుకల పని అయిపోయింది, పట్టీలు మాత్రం నలభై ఏళ్ళు అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ బండి మోసేది మిమ్మల్నీ, ఎండాకాలంలో రెండు బుట్టల మామిడికాయల్నీ. మొన్న స్పీడ్ బ్రేకర్ మీద చిన్నోడు నాలిక కొరుక్కున్నాడంటే కారణం అదే. (వెనక తొట్టిలో కూర్చోనివ్వను. మళ్ళీ అడక్కండి.)

వెనక చక్రాల దగ్గర వంగిన ఇనప పట్టీలు దొంతరగా ఉంటాయి చూశారా, దాన్ని మన లారీవాళ్ళు కమాన్ కట్ట అంటారు. మా చిన్నప్పుడు జట్కా బండికీ అవే ఉండేవి. అన్నిటికన్నా పొడుగు పట్టీకి రెండు చివర్లా చుట్ట చుట్టి కన్ను చేస్తారు. ముందు కన్ను ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, బోల్టుతో ఉంటుంది. వెనక కన్ను మాత్రం షాకిల్ అనే ఊగే ముక్కకి వేలాడుతుంది. బరువు పడితే వంపు తగ్గి పట్టీ చాపుకుంటుంది. చాపుకున్న పట్టీ ముందుకీ వెనక్కీ జరగాలి కదా, ఆ జాగా ఇచ్చేది షాకిలే.

అన్ని పట్టీలెందుకు, ఒకే లావుపాటి కడ్డీ పెడితే పోలా అంటారా? మీ బల్ల దగ్గరకి వెళ్ళండి. ప్లాస్టిక్ స్కేలు ఒక చివర బల్ల మీద నొక్కిపట్టి, గాల్లో ఉన్న చివరకి తాళంచెవుల గుత్తి తగిలించండి. ఎంత వంగిందో చూడండి. ఇప్పుడు దాని మీద ఇంకో స్కేలు ఊరికే పేర్చి, అదే గుత్తి తగిలించండి. సగమే వంగుతుంది. ఆ రెండింటినీ గట్టిగా అతికించేస్తే? సగంలో సగం అనుకుంటారేమో. కాదు, ఎనిమిదో వంతు. మందం రెట్టింపైతే బిగువు రెండు రెండ్ల నాలుగు కాదు, రెండు నాలుగుల ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే ఇనుమంతా ఒకే కడ్డీగా పోస్తే అది స్ప్రింగు కాదు, దూలం. పలచని పట్టీలుగా చేసి, ఒకదాని మీద ఒకటి జారేలా పేరిస్తే బరువూ మోస్తుంది, వంగనూ వంగుతుంది.

ఇప్పుడు నా ఘనకార్యం చూడండి. షెవర్లే పట్టీ ఒక్కోటి ఆరున్నర మిల్లీమీటర్లు. నేను దూర్చిన వ్యాను పట్టీ పది. చూడ్డానికి తేడా మూడున్నర మిల్లీమీటర్లే. లెక్కలో మాత్రం ఒక్కో వ్యాను పట్టీ పాత పట్టీలు మూడున్నరకి సమానం. ఎనిమిది పట్టీల కట్టకి రెండు కలిపాననుకున్నాను, నిజానికి ఏడు కలిపాను.

శనివారం మీరు రాకముందే కొలిచాను. వెనక ఇరుసు నుంచి ఛాసిస్ దాకా టేపు పట్టి, తర్వాత 25 కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా పేర్చి మళ్ళీ కొలిచాను. రెండు సెంటీమీటర్లు దిగింది, అంతే. రెండు వందల కిలోలకి! పట్టీలు తీశాక అవే బస్తాలకి మూడున్నర దాటింది. బస్తాలు మోసి మీ నానమ్మ చేత తిట్లు తిన్నాను గానీ, ఈ ఒక్క అంకె కోసం అది దండగ కాదు.

మీ బాబాయికి ఇది నచ్చలేదు. అమెరికావాళ్ళ వీడియోలు చూపించి, పట్టీలన్నీ కోసేసి వాటి బదులు గాలి సంచులు పెట్టిద్దామన్నాడు. వాడి మాటలో పస లేకపోలేదు. షెవర్లే వాళ్ళే 1960లో పికప్‌లకి వెనక పట్టీలు తీసేసి, ఇరుసుని పట్టి ఉంచే రెండు పొడుగాటి ఇనప చేతుల మీద చుట్టల స్ప్రింగులు పెట్టారు. ఖాళీ బండి కారులా మెత్తగా పోయేది. కానీ 1973 మోడల్‌కి మళ్ళీ పట్టీలకే వచ్చారు. ఇంకో సంగతి కూడా ఉంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చు, నంబరు ప్లేటు మీద 'వీఏ' అని వస్తుంది. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. నాకు ఆ ప్లేటు మీద మోజుంది. ఛాసిస్‌ని కోయనివ్వను.

కట్ట విప్పేటప్పుడు మిమ్మల్ని ఆమడ దూరం నిలబెట్టాను, గుర్తుందా? పట్టీలన్నిటి మధ్యలోంచి ఒక సెంటర్ బోల్టు పోతుంది. ఒక్కో పట్టీ వంపు ఒక్కోలా ఉంటుంది కాబట్టి బోల్టు పట్టి ఉంచినంతసేపే అవి ఒద్దికగా ఉంటాయి. ముందు రెండు క్లాంపులు బిగించకుండా నట్టు తిప్పితే కట్ట మొహం మీదికి విచ్చుకుంటుంది. ఆ బోల్టు తలకాయే ఇరుసుకున్న గుంటలో కూర్చుని ఇరుసు ముందుకీ వెనక్కీ జరక్కుండా చూస్తుంది. అది తెగిన లారీలు పీతల్లా అడ్డంగా నడుస్తాయి, జీఎన్‌టీ రోడ్డు మీద చాలా చూశాను. పట్టీల మధ్య తుప్పు గీకి గ్రీజు పూశాం కదా, ఆ పని మీరే చేశారు. తుప్పుతో అతుక్కున్న పట్టీలు అతికించిన స్కేళ్ళలాంటివే.

షాకబ్జార్బర్లు మాత్రం కొత్తవి, జీపీ రోడ్డులో కొన్నాను. అవి బరువు మొయ్యవు. ఊయలని ఒకసారి తోస్తే దానంతటది ఊగుతూనే ఉంటుందా, స్ప్రింగూ అంతే. గొట్టంలో నూనె సన్నని రంధ్రాల్లోంచి కష్టపడి దూరుతూ ఆ ఊపుని వేడిగా మార్చేస్తుంది. పాతవాటితో బండి వెనక మూల నొక్కి వదిలితే నాలుగుసార్లు ఎగిరేది. ఇప్పుడు లేచి, ఒక్కసారి దిగి ఆగిపోతోంది. కట్ట మెత్తబడ్డాక ఇవి లేకపోతే స్పీడ్ బ్రేకర్ దాటినా ఊగుతూనే ఉంటాం.

ఇక పట్టీ కన్నుల్లో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్‌ల సంగతి. జాకీ మీద ఉన్నప్పుడు వాటి బోల్టులు బిగించవద్దని మెకానిక్‌తో గొడవపడ్డాను, మీరు నవ్వారు. బండి గాల్లో ఉంటే పట్టీ బాగా వంగి ఉంటుంది. అలాగే బిగిస్తే రబ్బరు ఆ భంగిమలో పట్టేసుకుంటుంది. కిందికి దించగానే మెలితిరిగి, రోజంతా మెలితిరిగే ఉండి, ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆనాకే ఆఖరి బిగింపు. కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవి వేశాం. ఒకసారి సాగినవి మళ్ళీ వాడకూడదు.

తిరిగి బిగించిన కట్ట సర్దుకున్నాక ఆ యూ బోల్టులు కాస్త వదులవుతాయి. వచ్చే ఆదివారం లోపు రెడ్ హిల్స్ దాకా రెండుసార్లు తిప్పి ఉంచుతాను. మీరొచ్చాక మళ్ళీ బిగిద్దాం. ఈసారి బస్తాలు వద్దు, మీరూ మీ నాన్నా బాబాయీ ఎక్కి నిలబడండి, నేను టేపు పడతాను. ఆగి ఉన్న బండిలోనే, సంబరపడకండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి.

మీ
తాతయ్య