పిల్లల పుస్తకాల సృష్టికర్తల గురించి ఏం చదవాలి: ఒక నేపథ్యం

పిల్లల పుస్తకాల ప్రచురణకు బాట వేసినవారిలో ముఖ్యుడైన జాన్ న్యూబెరీ 1744లో లండన్‌లో వెలువరించిన చిన్న పుస్తకం మీద రచయిత పేరు లేదు. 1765లో ఆయన సంస్థ నుంచే వచ్చి తరతరాల పిల్లలు చదువుకున్న గూడీ టూ షూస్ కథను ఎవరు రాశారో నేటికీ తేలలేదు. ఆ కాలపు రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసి ఉంటాడన్నది ఒక ఊహ మాత్రమే. అక్షరాలూ మంచి నడవడికా నేర్పడమే పిల్లల పుస్తకం పని అనుకున్న కాలంలో, దాన్ని రాసిన మనిషి ఎవరో తెలుసుకోవాలన్న ఆసక్తికి చోటు లేకపోయింది. బాలసాహిత్యకారుల గురించీ, వారు తమ పని గురించీ రాసిన పుస్తకాలు ఇంత ఆలస్యంగా రావడానికి మూలం అక్కడే ఉంది.

డెన్మార్క్‌కు చెందిన అద్భుత కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1855లో తన ఆత్మకథను ప్రచురించాడు. చెప్పులు కుట్టే తండ్రికీ, బట్టలుతికే తల్లికీ పుట్టిన కొడుకు రాజాస్థానాల అతిథి కావడం నిజంగా అబ్బురమే. అయితే ఆయన తన బతుకును కూడా ఒక అద్భుత కథగానే మలచుకున్నాడు కనుక, దాన్ని చదివేవారు 1970లలో డేనిష్‌లో సంపుటాలుగా వచ్చిన ఆయన దినచర్యల ఆధారంగా రాసిన జీవితచరిత్రను కూడా పక్కన ఉంచుకోవడం మంచిది. ఆత్మకథలో నునుపు చేసిన ఒంటరితనం ఆ దినచర్యల్లో కనబడుతుంది.

పరిస్థితిని మార్చినవారు ప్రధానంగా గ్రంథపాలకులు. అమెరికాలో 1922లో వారి సంఘం పిల్లల పుస్తకానికి న్యూబెరీ పేరిట పతకం ఇవ్వడం మొదలుపెట్టింది, 1924లో బోస్టన్ నుంచి పిల్లల పుస్తకాలకే అంకితమైన హార్న్‌బుక్ పత్రిక వచ్చింది. పతకం అందుకున్న రచయిత ఆ సందర్భంగా ప్రసంగించడం, దాన్ని పత్రిక అచ్చువేయడం ఆనవాయితీ కావడంతో, పిల్లల రచయితలు తమ పని గురించి తామే పెద్దలతో మాట్లాడే వేదిక ఏర్పడింది.

వీటన్నిటికంటే నేను ముందుంచే పుస్తకం రష్యన్ రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ రాసిన 'రెండు నుంచి ఐదు వరకు'. 1928లో వేరే పేరుతో వెలువడి, 1930లలో ఈ పేరు పొందిన ఈ గ్రంథం ఒక వివాదం మధ్య ఎదిగింది. అద్భుత కథలు పిల్లలను వాస్తవానికి దూరం చేస్తాయని వాదించే అధ్యాపకులూ అధికారులూ నాటి సోవియట్ దేశంలో బలంగా ఉండేవారు. 1928లో లెనిన్ భార్య క్రూప్‌స్కయా స్వయంగా ప్రావ్దా పత్రికలో చుకోవ్‌స్కీ 'మొసలి' గేయకథను ఖండించింది. పసిపిల్లల మాటలను ఏళ్ల తరబడి సేకరించి, తల్లిదండ్రులు పంపిన ఉత్తరాలను జోడించి, అసంబద్ధమైన తలకిందుల పాటకు పిల్లవాడు నవ్వేది అసలు క్రమం ఏమిటో తనకు తెలుసు కాబట్టేనని ఆయన ఆ పుస్తకంలో వాదించాడు. కల్పన పిల్లల తెలివికి అడ్డు కాదనీ, తెలివి పెరగడానికి అది ఒక దారి అనీ ఇంత ఓపికగా, ఇన్ని ఉదాహరణలతో చెప్పిన పుస్తకం నాకు మరొకటి కనబడలేదు. 1963లో వచ్చిన ఆంగ్లానువాదం దీన్ని రష్యా దాటించింది.

ఇటలీ రచయిత జాన్ని రోదారీ 1973లో ప్రచురించిన 'కల్పనా వ్యాకరణం' దీనికి తోడుగా చదవదగినది. అంతకు ముందు ఏడాది రెజ్జో ఎమీలియాలో ఉపాధ్యాయులతో జరిపిన సమావేశాల నుంచి అది పుట్టింది. కుక్క, బీరువా వంటి పొంతన లేని రెండు మాటలను పక్కపక్కన పెడితే వాటి మధ్య కథ ఎలా మొలుస్తుందో ఆయన చేసి చూపిస్తాడు.

యుద్ధానంతర చరిత్ర తెలియాలంటే యెల్లా లెప్‌మన్ జ్ఞాపకాలు చదవాలి. నాజీల కాలంలో జర్మనీ విడిచిన ఈ యూదు పాత్రికేయురాలు 1945లో అమెరికన్ సైన్యానికి సలహాదారుగా తిరిగివచ్చి, నిన్నటిదాకా శత్రువులుగా ఉన్న దేశాలను పిల్లల పుస్తకాలు పంపమని అడిగింది. 1946లో మ్యూనిక్‌లో ప్రదర్శన, 1949లో అదే నగరంలో అంతర్జాతీయ యువజన గ్రంథాలయం, 1953లో పిల్లల పుస్తకాల అంతర్జాతీయ సంఘం, 1956లో పిల్లల రచయితలకు ఆండర్సన్ పేరిట పురస్కారం వరుసగా ఏర్పడ్డాయి. శిథిలాల మధ్య ఆకలితో ఉన్న పిల్లలకు పుస్తకాలెందుకన్న ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు ఆమె చేసిన పనే. ఆ కథ 1964లో పుస్తకంగా వచ్చింది.

ప్రచురణ కోసం రాయని కాగితాల విలువ వేరు. ఇంగ్లండ్ పిల్లల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ కౌమారం నుంచి ముప్పై ఏళ్ల వయసు దాకా సంకేత లిపిలో రాసుకున్న దినచర్యను, పదహారో లూయీ పేరులోని సంఖ్యనూ 1793 అన్న సంవత్సరాన్నీ ఆధారం చేసుకుని 1958లో లెస్లీ లిండర్ ఛేదించాడు. 1966లో అది అచ్చయింది. స్వీడన్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ రెండో ప్రపంచ యుద్ధకాలపు దినచర్యలు 2015లో గాని స్వీడిష్ పాఠకులకు అందలేదు. స్టాక్‌హోమ్‌లో ఉత్తరాల తనిఖీ ఉద్యోగం చేస్తూ, వార్తాపత్రికల ముక్కలు అతికించుకుంటూ యుద్ధాన్ని నమోదు చేసిన ఆ గృహిణే, 1941లో జబ్బుపడిన కూతురికి పిప్పీ అనే అమ్మాయి కథలు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరి మాటా వినని, తన బలాన్ని ఎవరినీ అణచడానికి వాడని ఆ పిప్పీ ఏ కాలంలో పుట్టిందో ఈ పుటలు చదివాక స్పష్టమవుతుంది.

సంపాదకులను మరవడం న్యాయం కాదు. అమెరికా ప్రచురణ సంస్థ హార్పర్‌లో 1940 నుంచి 1973 దాకా పిల్లల విభాగాన్ని నడిపిన అర్సులా నార్డ్‌స్ట్రామ్ ఉత్తరాల సంకలనం 1998లో వచ్చింది. సందేహాల్లో కూరుకుపోయిన యువ చిత్రకారుడు మోరిస్ సెండాక్‌కు ఆమె రాసిన జాబులు, ఒక పుస్తకం పూర్తి కావడానికి రచయిత ప్రతిభతో పాటు మరొకరి నమ్మకం కూడా ఎంత అవసరమో చూపిస్తాయి. చిత్రకారుల వైపు నుంచి చదవాలనుకునేవారికి సెండాక్ 1988 వ్యాస సంపుటి అందుబాటులో ఉంది. ఆండర్సన్ పురస్కారమే చిత్రకారులకు 1966లో గాని మొదలు కాలేదు; వారి గురించి రాసినవి ఇప్పటికీ తక్కువే.

కొత్తగా మొదలుపెట్టేవారు చుకోవ్‌స్కీతో ప్రారంభించి, వెంటనే నార్డ్‌స్ట్రామ్ ఉత్తరాలు చదవడం మేలు. ఆత్మకథలను ఆ తర్వాతే చేపట్టాలి.