వాము నూనె, అమీబా, మా పెదనాన్న కన్ను

రాజాం దగ్గర మా ఊళ్లో కొన్నేళ్ల కిందట వరి నూర్పులప్పుడు పెదనాన్న కంట్లో నలక పడింది. చెరువు నీళ్లతో కడుక్కున్నాడు, మర్నాడు కన్ను ఎర్రబడితే పెద్దమ్మ ఆముదం చుక్క వేసింది. "ఆముదమేటి చేస్తాదిరా, చలవే కదా" అంది. తర్వాత మూడు వారాలు ఒకచోట వైరస్ అన్నారు, ఇంకోచోట ఫంగస్ అన్నారు, చుక్కల మందులు మారుతూనే ఉన్నాయి, ఆయనకి మాత్రం రాత్రుళ్లు నొప్పితో నిద్ర లేదు. చివరికి నల్లగుడ్డు మీది పొరను కొంచెం గీకి ల్యాబ్‌లో చూస్తే అకాంతమీబా అని, కంటికి కనపడని ఒక అమీబా, తేలింది. చూపు పూర్తిగా రాలేదు.

మొన్న అదే పెదనాన్న ఫోన్‌కి వాము నూనె అమీబాను చంపేస్తుందని మెసేజ్ వచ్చింది. నిజమేనా అని అడిగాడు. అబద్ధం కాదు, అందుకే భయమేసింది.

చెట్ల మందుకీ అమీబాకీ సంబంధం కొత్తది కాదు. జిగట విరేచనాల రోగి మలంలో అమీబాలను 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లోష్ అనే వైద్యుడు వర్ణించాడు. ఆ రోగానికి అప్పటికే బ్రెజిల్ నుంచి వచ్చిన ఇపికాక్ వేరు పొడి ఇచ్చేవాళ్లు, అది మింగితే ముందు వాంతులే. అందులోని ఎమెటిన్‌ను 1817లోనే విడదీశారు. అది అమీబాలను చంపుతుందని దాదాపు వందేళ్ల తర్వాత మనీలాలో వెడర్ అనే వైద్యుడు గాజుపాత్రల్లో చూపించాడు, ఆ వెంటనే 1912లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ దాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఎందరో బతికారు, కానీ ఆ మందు గుండెను దెబ్బతీసేది, అందుకే 1960లలో మెట్రోనిడజోల్ అనే మందు రాగానే పక్కకు పోయింది. వేరు నుంచి సూది దాకా అంత కాలం పట్టింది, అదీ లోపం లేకుండా కాదు.

మన వాముకీ ఒక చరిత్ర ఉంది. దాని ఘాటుకు కారణం థైమాల్ అనే పదార్థం. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఇక్కడి వాము గింజలు థైమాల్ తీయడానికి జర్మనీకి ఓడల్లో వెళ్లేవి, అమెరికాలో కొంకిపురుగుకి జనానికి ఇచ్చిన మందు కూడా థైమాలే. కాబట్టి ఇది పురుగుల మీద పనిచేస్తుందన్న ఆలోచన ఎవరో నిన్న పుట్టించింది కాదు.

కంటి అమీబా కథ మాత్రం ఈమధ్యది. నీటిలో, మట్టిలో తనపాటికి తాను బతికే ఈ జీవులు మనిషికి రోగం తెస్తాయని 1950ల చివరిదాకా ఎవరూ అనుకోలేదు. 1970లలో కంటి కేసులు బయటపడ్డాయి. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లకి వస్తుంది, మన దగ్గర చాలావరకు లెన్సు ముఖమే చూడని రైతులకీ కూలీలకీ, కంట్లో మట్టో ఊకో పడి మురికినీరు తగిలిన వాళ్లకీ వస్తుంది. అందుకే డాక్టరుకి కూడా ముందు గుర్తు రాదు.

ఈ అమీబాకి రెండు రూపాలు. మామూలప్పుడు మెత్తగా పాకుతుంది, మందు తగిలిందంటే ముడుచుకుని చుట్టూ రెండు గోడలు కట్టుకుంటుంది. లోపలి గోడలో సెల్యులోజ్ ఉంటుంది, చెట్టు కాండానికి గట్టిదనం ఇచ్చే పదార్థమే. అందుకే క్లోర్‌హెక్సిడిన్, పీహెచ్ఎంబీ అనే క్రిములను చంపే మందుల చుక్కలు నెలల తరబడి వేయాలి. ఆ గోడ దాటే మందు కోసమే టీట్రీ నూనె, థైమ్ నూనె లాంటివి పరీక్షిస్తున్నారు. పరీక్ష అంటే, అమీబాలకి మేతగా ఈ.కోలై బ్యాక్టీరియా పూసిన పళ్లెంలో వాటిని పెంచి, నూనెను డీఎంఎస్‌ఓ లాంటి ద్రావణిలో కరిగించి కలిపి, ఒకరోజు, రెండురోజులు, మూడురోజులు ఆగి, నీలిరంగు వేసి లెక్కపెడతారు. రంగు పీల్చుకున్నవి చచ్చినట్టు. పాకేవి తొందరగానే చస్తాయి, గోడ కట్టుకున్నవాటికి చాలా ఎక్కువ మోతాదు కావాలి, చిక్కంతా అక్కడే. పైగా నూనె ఆవిరైపోతుంది, మొక్క పెరిగిన నేలనీ కోసిన కాలాన్నీ బట్టి అందులోని పదార్థాల పాళ్లు మారిపోతాయి, ఒక సీసాలో పనిచేసింది ఇంకో సీసాలో చేయకపోవచ్చు.

మెసేజ్ పంపినవాళ్లు వదిలేసింది అసలు సంగతి. థైమాల్ అమీబా పైపొరను చీల్చి చంపుతుంది, మన కంటి కణానికీ అలాంటి పొరే ఉంది. అందుకే పరిశోధకులు అదే మోతాదును మనిషి కణాల మీద కూడా వేసి చూస్తారు. పళ్లెంలో అమీబా చచ్చిందంటే పని అక్కడ మొదలైందని అర్థం, చుక్కల మందు తయారైందని కాదు.

ముక్కులోంచి మెదడుకి ఎక్కే నెగ్లీరియా అనే ఇంకో అమీబా సంగతి ఇంకా ఘోరం. సోకినవాళ్లలో బతికేవాళ్లు చాలా అరుదు. 2024లో కోజికోడ్‌లో ఒక 14 ఏళ్ల బాబు బయటపడ్డాడంటే రోగాన్ని తొందరగా పట్టుకుని, మిల్టెఫోసిన్‌తో సహా చాలా మందులు కలిపి ఇవ్వడం వల్లే. ముక్కులో నూనె వేస్తే మెదడులో ఉన్న అమీబాకి ఏమీ కాదు.

పెదనాన్నకి చెప్పింది ఇదే. వాము నూనె కంట్లో వద్దు, ఆముదమూ వద్దు. నూర్పుల్లో ఊక పడితే చెరువు నీళ్లు కాకుండా కాచి చల్లార్చిన నీళ్లతో కడగాలి. నొప్పి తగ్గకపోయినా వెలుతురు చూడలేకపోయినా వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ పొలంలో పడిందని, చెరువు నీళ్లు తగిలాయని తప్పకుండా చెప్పి, గీకి ల్యాబ్‌లో చూడమని మనమే అడగాలి.