దేవుడి మీదకు నెట్టిన వరద

2013 జూన్ 16 సాయంత్రం. ఉత్తరాఖండ్‌లోని శ్రీనగర్ పట్టణానికి దగ్గర్లో, అలకనంద ఒడ్డున ఉన్న ధారీదేవి విగ్రహాన్ని పీఠం నుంచి లేపి ఎత్తయిన చోటికి చేర్చారు. 330 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు జలాశయంలో పాత గుడి మునిగిపోతుంది కాబట్టి అలా చేశారు. ధారీదేవి చార్‌ధామ్‌కు కాపు అని గఢ్వాల్ ప్రజల నమ్మకం. ఆమె ముఖం పొద్దున బాలికలా, మధ్యాహ్నం పడుచులా, సాయంత్రం ముసలమ్మలా కనిపిస్తుందని చెప్పుకుంటారు. మర్నాడు ఉదయం కేదార్‌నాథ్‌కు ఎగువన చోరాబారీ సరస్సు తెగింది. చనిపోయినవారు, జాడ తెలియనివారు కలిసి నాలుగు వేలకు పైనే. చిక్కుకుపోయిన యాత్రికుల్లో తెలుగువాళ్లూ ఎందరో ఉన్నారు. ఆ ప్రాజెక్టు కట్టింది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న సంస్థే.

అమ్మను కదిలించినందుకే ఇంత కోపం అన్నది కొండ ఊళ్ల మాట. కుండపోత వాన అంతకు ముందే మొదలైందని వాతావరణ లెక్కలు చెబుతాయి. అయినా ఆ మాటను మూఢనమ్మకమని కొట్టిపారేసే ముందు, అదే వరద గురించి మూడేళ్ల తరువాత ఇంకోచోట జరిగిన వాదన వినాలి.

శ్రీనగర్‌లో ఇళ్లు పైకప్పుల దాకా బురదలో కూరుకుపోయాయి. ప్రాజెక్టు కోసం తవ్వి నది ఒడ్డున గుట్టలుగా పోసిన మట్టీ రాళ్లూ వరదతో కలిసి తమ మీద పడ్డాయని బాధితులు పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. అది మేఘవిస్ఫోటమనీ, దైవఘటన అనీ, తమ బాధ్యత లేదనీ కంపెనీ వాదించింది. 2016 ఆగస్టు 19న ట్రైబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చి, సుమారు 9.26 కోట్ల రూపాయల పరిహారం కట్టమంది.

రెండు పక్షాలూ దేవుడి పేరే ఎత్తాయి. కొండ ఊరి మనిషి ఎత్తితే, తప్పు చేసినవాడు ఎవడో ఉన్నాడని అర్థం. కంపెనీ వకీలు ఎత్తితే, తప్పు చేసినవాడు ఎవడూ లేడని అర్థం. ఈ రెండు వాడుకలకూ వేరువేరు చరిత్రలున్నాయి.

మొదటిది మనకు బాగా పాతది. రామాయణ బాలకాండలో అంగదేశానికి కరువు వచ్చింది రాజు రోమపాదుడు ధర్మం తప్పినందుకు. ఋష్యశృంగుణ్ణి రప్పిస్తే గానీ వాన పడలేదు. మనం ఇప్పటికీ వాడే ‘ఈతిబాధలు’ అనే మాట చూడండి. ఆ ఆరు ఈతుల జాబితాలో అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలతో పాటు పొరుగు రాజులూ ఉన్నారు. దైవికం, మానుషం అని గీత గీయకుండా అన్నింటినీ ఒకే గంపలో వేశారు. వానల కోసం విరాటపర్వం పారాయణం చేయించిన పల్లెలకు ఆకాశం బదులు పలికేదే గానీ, ఎవరి చేతలూ పట్టని యంత్రం కాదు. ఈ చూపులో దైవశక్తి ఎంత పెద్దదైతే పాలకుడి బాధ్యత అంత పెరుగుతుంది.

రెండోది ఇంగ్లండు న్యాయశాస్త్రం నుంచి వచ్చింది. ఏ మనిషీ ఊహించలేని, ఆపలేని ప్రకృతి ఘటనకు ఎవరినీ బాధ్యుణ్ణి చేయకూడదన్నది అందులోని సూత్రం. సూత్రంగా అందులో తప్పేమీ లేదు. మన దేశంలో దాని తొలి పరీక్షల్లో ఒకటి తెలుగు నేల మీదే జరిగింది. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానకు తెగి మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలను దెబ్బతీశాయి. కంపెనీ దావా వేసింది. 1874లో, అప్పట్లో మన దేశపు కేసులకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ జమీందారు పక్షాన తీర్పు చెప్పింది. చెరువులు ఈ దేశపు సేద్యానికి ప్రాణమనీ, వాటిని నిలబెట్టడం జమీందారు విధి అనీ, అతని నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యుడవుతాడనీ దాని సారాంశం. అంటే వానను దేవుడికి వదిలేసినా, కట్టను మాత్రం మనిషి లెక్కలోనే ఉంచింది. ఆ తరువాతి వకీళ్లు ఈ తేడాను అంతగా గుర్తుపెట్టుకున్నట్టు లేదు.

కొండ ఊరి వాడుకకూ ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1934 జనవరి 15న బీహార్‌లో భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. అస్పృశ్యత అనే పాపానికి ఇది దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీ. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు అది మింగుడుపడలేదు. భౌతిక ప్రళయాలకు భౌతిక కారణాలే ఉంటాయనీ, ఇదే తర్కంతో గాంధీ విరోధులు ఆయన అనుచరులనే కారణంగా చూపవచ్చనీ రాశారు. గాంధీ ఆ విమర్శను తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చువేశారు, తన నమ్మకాన్ని మాత్రం వదల్లేదు. ఈ వాదంలో నేను ఠాగూర్ పక్షం. అంటరానితనం వల్ల నేల కంపించదు. కానీ నది ఒడ్డున పోసిన మట్టి వల్ల ఇల్లు మునుగుతుంది. ధారీదేవి భక్తులు పాపానికి పెట్టిన పేరు ఏదైనా, వేలు చూపించిన చోటు సరైనదే.

స్వతంత్ర భారత న్యాయస్థానాలు దైవఘటన అనే తలుపును నెమ్మదిగా మూస్తూ వచ్చాయి. ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన కేసులో 1986లో సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమలకు ఏ మినహాయింపూ లేని పూర్తి బాధ్యత ఉంటుందంది. 2010 నాటి హరిత ట్రైబ్యునల్ చట్టం, తప్పు రుజువు కాకపోయినా పరిహారం వేయవచ్చంది. అయినా ఆ మాటకు గిరాకీ తగ్గలేదు. 2020 ఆగస్టులో జీఎస్టీ వసూళ్ల లోటుకు కూడా కేంద్ర ఆర్థిక మంత్రి దైవఘటననే కారణంగా చెప్పారు.

ధారీదేవి కేసు ట్రైబ్యునల్ తీర్పుకు ముందే సుప్రీంకోర్టుకు చేరింది. 2013 ఆగస్టు 13న కోర్టు ఆ ప్రాజెక్టును సాగనిస్తూనే, వరదలో జలవిద్యుత్ ప్రాజెక్టుల పాత్ర ఎంతో తేల్చడానికి నిపుణుల సంఘం వేయమంది. రవి చోప్రా నాయకత్వంలోని ఆ సంఘం 2014లో, తాను పరిశీలించిన 24 ప్రతిపాదిత ప్రాజెక్టుల్లో 23 వద్దంది. 2017 మార్చి 20న ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు చట్టం దృష్టిలో వ్యక్తి హోదా ఇచ్చింది. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో అడిగిన ప్రశ్న భలే ఉంటుంది: నది వరదై జనం నష్టపోతే నష్టపరిహారం ఎవరివ్వాలి, నది తరఫున సంరక్షకుడైన ప్రధాన కార్యదర్శా? గంగ తల్లి అని హారతులిచ్చే ప్రభుత్వానికి ఆ తల్లి బాధ్యత తలకు చుట్టుకునేసరికి చెమటలు పట్టాయి. అదే ఏడాది జూలైలో హైకోర్టు తీర్పుపై స్టే వచ్చింది.

2021 ఫిబ్రవరి 7న రిషిగంగ లోయలో కొండ చరియ, మంచు కలిసి విరిగిపడి రెండు వందల మందికి పైగా పోయారు. ఆ లోయలోని రైణీ గ్రామం, 1974లో గౌరాదేవి వెంట ఆడవాళ్లు చెట్లను కౌగిలించుకుని నరకనివ్వకుండా ఆపిన చిప్కో ఊరు. అక్కడివాళ్లు ప్రాజెక్టు పేలుళ్ల మీద 2019లోనే హైకోర్టుకెక్కారు.

2023 నవంబర్ 12, దీపావళి నాడు, చార్‌ధామ్ రహదారిలోని సిల్‌క్యారా సొరంగం కూలి 41 మంది కూలీలు లోపల చిక్కుకున్నారు. పనుల కోసం బాబా బౌఖ్‌నాగ్ గుడిని తీసేసినందుకే ఇలా అయిందని స్థానికులు అన్నారు. సొరంగం ముఖద్వారం దగ్గర చిన్న గుడి వెలిసింది. విదేశీ నిపుణుడు కూడా దాని ముందు మోకరిల్లాడు. 17వ రోజున అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. 2025 ఏప్రిల్‌లో సొరంగం అవతలి వైపుకు తెరుచుకున్న రోజునే, ముఖ్యమంత్రి సమక్షంలో బౌఖ్‌నాగ్ కొత్త గుడికి ప్రాణప్రతిష్ఠ జరిగింది. 2018లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సొరంగంలో ప్రమాద సమయంలో తప్పించుకునే దారి కూడా ఉంది. కూలిన రోజున ఆ 41 మందికి ఆ దారి లేదు.