కొలువు పేరంటం, కల్పాక్కం లెక్కలు

పశ్చిమ మాంబళం, చెన్నై
విజయదశమి మర్నాడు

చిరంజీవులు బుజ్జికీ చంటికీ తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నీ ఉత్తరం అందింది. సెలవుల్లో మహాబలిపురం దాటి ఇంకాస్త ముందుకు వెళ్లినప్పుడు సముద్రం పక్కన గుండ్రటి కప్పుల కట్టడాలు కనిపించాయని రాశావు. ‘కల్పాక్కంలో ఫిజిక్స్ చదివినవాళ్లకి ఏం పని ఉంటుంది తాతయ్యా? రోజంతా రియాక్టర్ పక్కన నిలబడాలా?’ అని అడిగావు. చంటి అడగలేదు గానీ, పదకొండో తరగతికి వచ్చాడు కాబట్టి ఈ జవాబు వాడికే ఎక్కువ అవసరం. ఇద్దరూ కలిసి చదవండి.

కల్పాక్కం అణు కేంద్రంలో రియాక్టర్ ఫిజిసిస్టు అనే మనిషి చేసే పని న్యూట్రాన్ల పద్దు రాయడం. ఎన్ని పుట్టాయి, ఎన్ని పోయాయి, ఎన్ని పనికొచ్చాయి, రేపు ఎన్ని ఉంటాయి. అంతే. ఆ పద్దు ఎంత కష్టమో చెప్పాలంటే మన కొలువు పేరంటం దగ్గర మొదలుపెట్టాలి.

మా చిన్నతనంలో పేరంటం పిలుపు ఫోనులో ఉండేది కాదు. పట్టుపరికిణీ కట్టుకున్న ఆడపిల్ల కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, బొట్టు పెట్టి పిలిచేది. ఒక్క ఇల్లు తప్పిందంటే ఆ మాట సంక్రాంతి దాకా నలిగేది. అందుకే ఇంట్లో పెద్దావిడ తలుపు వెనక బొగ్గుతో గీతలు గీసి లెక్క పెట్టేది. ఎవరిని పిలిచాం, ఎవరు వచ్చారు, ఎవరికి తాంబూలం ఇచ్చాం అన్నీ ఆ గీతల్లోనే. మైలాపూర్ మాడ వీధిలో బొమ్మలు కొనేటప్పుడు మీ అమ్మమ్మ ఇప్పటికీ మెట్ల లెక్క నోటితోనే చెబుతుంది చూడండి, ఆ అలవాటు అక్కడిదే.

ఇప్పుడు ఒక పెద్ద వీధి ఊహించుకోండి. ప్రతి ఇల్లూ ఒక యురేనియం పరమాణువు. భరిణె పట్టుకున్న పిల్ల న్యూట్రాన్. సహజ యురేనియంలో వెయ్యి ఇళ్లకి ఏడిళ్లే యురేనియం-235 అనే రకం, మిగతావన్నీ దాదాపు యురేనియం-238. పిల్ల 235 ఇంటి గడప తొక్కితే ఆ ఇల్లు సంబరంగా బద్దలై, వేడి పుట్టి, అందులోంచి ఇద్దరో ముగ్గురో కొత్త పిల్లలు భరిణెలతో బయటికి పరిగెడతారు. సగటున 2.43 మంది. వాళ్లలో కొందరు వీధి చివర దాటి పోతారు. కొందరిని 238 ఇళ్లవాళ్లు లోపల కూర్చోబెట్టేసుకుంటారు. సరిగ్గా ఒక్కరు ఇంకో 235 ఇంటికి చేరితే పేరంటం అదే సందడితో సాగుతుంది. దాన్నే రియాక్టర్ ‘క్రిటికల్’ అయింది అంటారు. పేపర్లో ఆ మాట చూసి కంగారుపడకండి. ఆసుపత్రిలో క్రిటికల్ వేరు. ఇక్కడ క్రిటికల్ కాకపోతే కరెంటే లేదు.

కొత్తగా పుట్టిన న్యూట్రాన్ సెకనుకి దాదాపు ఇరవై వేల కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. అలా పరిగెత్తే పిల్లకి గుమ్మాలు కనిపించవు. వీధి నిండా జనం ఉంటే తగులుకుంటూ తగులుకుంటూ నెమ్మదిస్తుంది, సెకనుకి రెండు కిలోమీటర్లకి వస్తుంది. అప్పుడు 235 ఇల్లు చిక్కుతుంది. కల్పాక్కంలోని మద్రాసు అణు విద్యుత్ కేంద్రంలో ఆ జనం భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు. మామూలు నీళ్లు కూడా నెమ్మదింపజేస్తాయి గానీ, పిల్లల్ని మింగేస్తాయి కూడా. అందుకే సహజ యురేనియంతో నడపాలంటే భారజలం కావాలి.

ఇక అసలు ముచ్చట. ప్రతి వెయ్యి మందిలో ఆరేడుగురు పిల్లలు వెంటనే బయల్దేరరు. ‘జడలో పూలు పెట్టుకుని వస్తా’ అంటారు. ఒకరు అర సెకను ఆలస్యం, ఒకరు పది సెకన్లు, ఒకరు నిమిషం. రియాక్టర్‌ని మనిషి అదుపు చేయగలుగుతున్నాడంటే ఈ ఆలస్యపు పిల్లల వల్లే. మామూలు నీళ్ల రియాక్టర్‌లో ఒక తరం నుంచి తరానికి సెకనులో పదివేలో వంతు పడుతుందనుకోండి. తరానికి వెయ్యికి ఒక్కరు ఎక్కువైనా, ఆలస్యపు వాళ్లు లేకపోతే ఒక్క సెకనులో ఇరవై వేల రెట్లు దాటిపోతుంది. వాళ్లు ఉండబట్టి అది రెట్టింపు కావడానికే అర నిమిషం పైన పడుతుంది. చంటీ, 1.001ని పదివేల సార్లు గుణించి చూడు, మొదటి సంఖ్య నీకే వస్తుంది. ప్లుటోనియం ఇంట్లో ఆలస్యపు పిల్లలు వెయ్యికి ఇద్దరే. కల్పాక్కంలోనే కట్టిన 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ అనే ఇంకో రకం రియాక్టర్‌లో ఆ ప్లుటోనియం కలిసిన ఇంధనమే వాడతారు. 2024 మార్చిలో దాని కోర్, అంటే ఇంధనం ఉండే నడిమి భాగం, నింపడం మొదలైంది. అక్కడ పద్దు రాసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

వీధి అరుగు మీద ఒక బామ్మ ఉంటుంది. పేరు జెనాన్-135. దారిన పోయే ఏ పిల్లనైనా పిలిచి కూర్చోబెట్టి వంశం అంతా అడిగేస్తుంది. ఒక పిల్ల దొరికితే చాలు, ఆ బామ్మ తృప్తిపడి లేచి వెళ్లిపోతుంది. పేరంటం జోరుగా సాగుతున్నప్పుడు ఇబ్బంది లేదు, వచ్చిన బామ్మ వచ్చినట్టే లేచిపోతుంది. రియాక్టర్ హఠాత్తుగా ఆగిందనుకోండి. లేపడానికి పిల్లలు లేరు. అయోడిన్-135 నుంచి కొత్త బామ్మలు మాత్రం వస్తూనే ఉంటారు, దాని అర్ధాయువు, అంటే సగం మారిపోవడానికి పట్టే సమయం, ఆరున్నర గంటలు. ఇంచుమించు పది గంటల దాకా అరుగులు నిండుతూనే ఉంటాయి. సహజ యురేనియం రియాక్టర్‌లో చేతిలో మిగులు న్యూట్రాన్లు తక్కువ. నిండు పవర్ నుంచి ట్రిప్ అయ్యాక, అంటే హఠాత్తుగా ఆగిపోయాక, సుమారు అరగంటలో రియాక్టర్‌ని మళ్లీ లేపకపోతే ఇక ఒకటిన్నర రోజు ఆగాల్సిందే. ప్లాంటులో దీన్ని ‘పాయిజన్ అవుట్’ అంటారు. ఆ అరగంటలోనే ట్రిప్ ఎందుకు అయిందో తేల్చాలి. కారణం తేలకుండా లేపడం కన్నా ఒకటిన్నర రోజు ఊరుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. గడియారం పరిగెడుతుంటే ఆ మాట అనగలగడం కూడా ఈ ఉద్యోగంలో పనే.

రోజువారీ పని ఇంకోటి ఉంది. మద్రాసు అణు విద్యుత్ కేంద్రంలోని ఒక్కో రియాక్టర్‌లో 306 అడ్డ గొట్టాలు, వాటిని ఛానల్ అంటారు. ఒక్కో ఛానల్‌లో 12 ఇంధన బండిళ్లు, మొత్తం 3,672. బండిల్ అర మీటరు పొడవు, 19 కడ్డీల కట్ట. అవన్నీ మన హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. రియాక్టర్ నడుస్తుండగానే ఒక వైపు యంత్రం కొత్త బండిళ్లని తోస్తే, రెండో వైపు యంత్రం పాతవి అందుకుంటుంది. మామూలుగా ఎనిమిది బండిళ్ల చొప్పున, దాదాపు రోజుకో ఛానల్. ఏ ఛానల్ అన్నది తేల్చేది ఫిజిక్స్ విభాగం. బాగా కాలినది ఎంచాలి. దాని పక్కవి ఈ మధ్యే మార్చి ఉండకూడదు. కుడి ఎడమలు, పైన కింద పవర్ సమంగా ఉండాలి. పక్కపక్క ఛానళ్లని వెంటవెంటనే మారిస్తే అక్కడ పవర్ పొంగి ఛానల్ హద్దు దాటుతుంది. అప్పుడు మొత్తం రియాక్టర్ పవరే తగ్గించుకోవాలి. ఏదైనా బండిల్ చిల్లుపడితే, నీళ్లలోకి చేరిన బద్దలైన పరమాణువుల ముక్కల నుంచి ఆలస్యపు న్యూట్రాన్లు బయటపడి పట్టిస్తాయి. చూశారా, ఆ జడ పూల పిల్లలు ఇక్కడా పనికొచ్చారు.

రియాక్టర్ పక్కన నిలబడాలా అన్నావు. వద్దు. నడుస్తున్న కోర్ దగ్గరికి ఎవరూ వెళ్లరు. ఎక్కువ సమయం కంప్యూటర్ ముందు, కొంత కంట్రోల్ రూములో. లోపలి ప్రాంతాలకి వెళ్లేవాళ్లు ఛాతీ మీద రేడియేషన్ మోతాదు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటారు. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు అన్నది అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు.

ఇక చంటి కోసం దారి చెబుతాను. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ అయినా సరే, మెకానికల్, కెమికల్, ఎలక్ట్రికల్ లాంటి బీటెక్ అయినా సరే. న్యూక్లియర్ ఫిజిక్స్ వేరు, రియాక్టర్ ఫిజిక్స్ వేరు అని ముందే తెలుసుకో. మొదటిది పరమాణు కేంద్రకం లోపల ఏముందో అడుగుతుంది, రెండోది కోట్ల కోట్ల న్యూట్రాన్లు గుంపుగా ఎలా నడుస్తాయో అడుగుతుంది. బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం, శిక్షణ పాఠశాల 1957 నుంచి నడుస్తోంది. కల్పాక్కంలో కూడా దాని శాఖ ఉంది. ఏడాది కోర్సు, పేరు ఓసీఈఎస్. డిగ్రీలో 60 శాతం ఉండాలి. గేట్ స్కోరో, వాళ్ల ఆన్‌లైన్ పరీక్షో ఇంటర్వ్యూ గుమ్మం దాకానే తీసుకెళ్తాయి. ఎంపిక ఇంటర్వ్యూ మీదే. అక్కడ సూత్రం గుర్తుందా అని కాదు, బోర్డు మీద మొదటి నుంచి రాబట్టు అంటారు. బట్టీ పట్టినవాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. ఇంజనీర్లకి గేట్ ద్వారా అణు విద్యుత్ కేంద్రాలు నడిపే సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఇంకో దారి. పోస్టులు కొద్దిగానే ఉంటాయి, ఊరు మన ఇష్టం కాదు. ఆ సంగతి ముందే తెలిసి వెళ్లాలి. రాకపోయినా ఆ చదువు వృథా కాదు. మన అన్నా విశ్వవిద్యాలయంలోనే మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ ఉంది, కేన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ మోతాదు లెక్కకట్టేది వాళ్లే.

ఇప్పటి నుంచే చేయదగ్గవి మూడు: సంభావ్యత, క్షయ సమీకరణాలు, పైథాన్. అవి చేతికొచ్చాక ఓపెన్‌ఎంసీ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దించుకోవచ్చు. లక్షల న్యూట్రాన్లకి ఒక్కొక్కదానికీ పాచికలు వేసి లెక్క పెడుతుంది అది.

కల్పాక్కంలోనే కామిని అనే చిన్న రియాక్టర్ ఉంది, 30 కిలోవాట్లు. థోరియం నుంచి పుట్టించిన యురేనియం-233తో నడుస్తుంది. దాని న్యూట్రాన్లతో రాకెట్లలో వాడే పేలుడు పరికరాలకి ఫోటోలు తీస్తారు. ఎక్స్‌రేకి లోహమే కనిపిస్తుంది. న్యూట్రాన్‌కి లోహపు డబ్బా లోపలి మందు కనిపిస్తుంది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

చివరగా మీ ఇద్దరికీ ఒక పని. రియాక్టర్‌ని మొదటిసారి క్రిటికల్ చేసేటప్పుడు ఎక్కడ అవుతుందో ముందే ఎవరికీ కచ్చితంగా తెలియదు. కాబట్టి న్యూట్రాన్లని మింగే అదుపు కడ్డీని కొంచెం ఎత్తి, ఆగి, న్యూట్రాన్లని లెక్కపెడతారు. కడ్డీ 0 దగ్గర 100 అనుకోండి. 20 దగ్గర 125. 40 దగ్గర 167. 60 దగ్గర 250. గ్రాఫు కాగితం మీద అడ్డంగా కడ్డీ స్థానం, నిలువుగా 100ని ఆ లెక్కతో భాగించగా వచ్చిన సంఖ్య గుర్తుపెట్టండి. 1, 0.8, 0.6, 0.4 వస్తాయి. గీత కిందికి దిగుతుంది. అది సున్నాని తాకే చోటే క్రిటికల్. నిజం గ్రాఫు ఇంత తిన్నగా రాదు, లెక్కపెట్టే డిటెక్టర్‌ని మొదటి న్యూట్రాన్లనిచ్చే మూలానికి మరీ దగ్గరగా పెడితే చివరి దాకా పెరుగుదలే కనిపించదు.

ఇంకో గీత రెండో రంగు పెన్సిల్‌తో గీయండి. క్రిటికల్‌కి దగ్గరయ్యే కొద్దీ లెక్క నిలకడపడడానికి ఎక్కువసేపు పడుతుంది. ఓపిక లేక 60 దగ్గర తొందరగా చదివి 250 బదులు 210 రాశారనుకోండి. 40, 60 చుక్కల్ని కలిపి గీతని పొడిగించండి. మొదటి గీత 100 దగ్గర సున్నా అయితే, రెండోది 137 దగ్గర అవుతుంది. ఇంకా చాలా దూరం ఉందనుకుని కడ్డీ ఎత్తేస్తాం, నిజానికి అది ముందే వచ్చేస్తుంది. అందుకే గీత చూపిన దూరం అంతా ఒకేసారి ఎత్తరు.

రెండు గీతలూ ఒకే కాగితం మీద గీసి, సున్నా తాకిన చోట్లకి చుక్కలు పెట్టి, నాకు పోస్టులో పంపండి. ఫోనులో ఫోటో వద్దు, స్కేలు పెట్టి చూడాలి.

ఇట్లు
మీ తాతయ్య