సీసాలు వంటింట్లో దాచి రండి

హైదరాబాద్‌లో సింగిల్ మాల్ట్ స్కాచ్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసిన స్కాట్లాండ్ విస్కీ, బల్ల మీదికి వచ్చిందంటే ముందు దాని వయసు, తర్వాత ధర, ఆ తర్వాత ఏ విమానాశ్రయంలో కొన్నారన్నది చర్చకు వస్తాయి. రుచి వంతు వచ్చేసరికి అందరూ ఒక తీర్పుకు వచ్చేసి ఉంటారు. రెండు విస్కీలను నిజంగా పోల్చాలనుకునేవారు ముందుగా చేయవలసింది సీసాలను వంటింట్లో దాచడం.

ఇది ఛాదస్తం కాదు. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. వైన్ తయారీ చదువుకుంటున్న 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వారు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను చెప్పినట్టు ముక్కు విన్నది. స్కాచ్ విషయంలో ఈ మాయకు చట్టమే చోటిచ్చింది; రంగు కోసం కారమెల్ కలపడం స్కాచ్ నిబంధనలకు లోబడినదే. ముదురు తేనె రంగును చూసి ముచ్చటపడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

వయసు సంగతీ అంతే. స్కాచ్ కనీసం 3 ఏళ్లు స్కాట్లాండ్‌లో ఓక్ పీపాలో ఉండాలి. సీసా మీద 12 అని ఉంటే, ఒకే డిస్టిలరీకి చెందిన అనేక పీపాలు కలిపిన ఆ విస్కీలో అన్నిటికంటే చిన్నదాని వయసు 12 ఏళ్లన్నమాట. అక్కడి చలిలో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. అమృత్ సింగిల్ మాల్ట్ తయారయ్యే బెంగళూరులో ఆ నష్టం దాదాపు 10 శాతం. పీపా చెక్క నుంచి రుచి, వాసన విస్కీలోకి చేరే పని కూడా అక్కడ త్వరగా సాగుతుంది. అలాంటప్పుడు రెండు ఊళ్ల అంకెలను పక్కపక్కన పెట్టి ఏం లాభం?

అసలు సరుకు వాసనలో ఉంది. నాలుక తీపి, పులుపు, చేదు లాంటి కొన్నిటిని చెప్పి ఊరుకుంటుంది. మిగిలినదంతా మింగేటప్పుడు గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే ఆవిరి పుణ్యమే. ఆ ఆవిరిలో ఏమున్నాయో రసాయన శాస్త్రం పేరుపేరునా చెబుతుంది. మాగిన అరటిపండు వాసన వస్తే అది ఐసోఅమైల్ ఎసిటేట్, పులియబెట్టేటప్పుడు ఈస్ట్ తయారుచేసినది. వెనిలా వాసన ఓక్ చెక్కలోని లిగ్నిన్ విడిపోగా వచ్చిన వెనిలిన్. ఎండుకొబ్బరి అనిపించేది కూడా ఓక్ ఇచ్చినదే, దాన్ని విస్కీ లాక్టోన్ అంటారు. ఇక స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపపు విస్కీ లఫ్రోయిగ్ మూత తీయగానే కొందరు పాత ఆస్పత్రి వాసన అని మొహం తిప్పుకుంటారు. వారి ముక్కు తప్పు చెప్పలేదు. మొలకెత్తిన బార్లీని పీట్ అనే, చిత్తడి నేలల్లో తవ్వి తీసే ఇంధనపు పొగలో ఆరబెట్టినప్పుడు అందులోకి చేరేవి ఫినాల్, క్రెసాల్, గ్వాయకాల్; ఫినాల్ ఒకప్పుడు కార్బాలిక్ ఆమ్లం పేరుతో ఆస్పత్రుల్లో క్రిమిసంహారిణిగా ఉన్నదే. నాకైతే సాంబ్రాణి వేసిన గది గుర్తొస్తుంది.

నీళ్లు కలిపితే విస్కీ పాడవుతుందనే పట్టుదల మన దగ్గర చాలామందికి ఉంది. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ నమూనాలతో గ్వాయకాల్ కదలికను పరిశీలించారు. ఆల్కహాల్ 45 శాతం వరకు ఉన్నప్పుడు ఆ అణువులు ద్రవం పైతలానికి, అంటే ముక్కుకు అందే చోటికి, చేరుతున్నాయి. 59 శాతం దాటితే లోపలికి వెళ్లిపోతున్నాయి. విస్కీ మిశ్రమాలు రూపొందించే నిపుణులు వాసన చూసేది దాదాపు 20 శాతానికి పలుచన చేసే. 40 శాతం విస్కీకి సమానంగా నీళ్లు పోస్తే లెక్క సరిపోతుంది. బోరు నీళ్లు మాత్రం వద్దు, మన నగరంలో చాలాచోట్ల వాటి ఉప్పదనమే ముందు పలకరిస్తుంది.

నీళ్లకు మరో కారణం మంట. వేడిని, మిరపకాయ ఘాటును పట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందిస్తుంది. ఆల్కహాల్ ఆ హద్దును సుమారు 34కు దించుతుంది. నోటి వేడి 37, కనుక మండక ఏం చేస్తుంది! మే నెలలో గది వేడికి గ్లాసులోంచి ఎగిసే ఆల్కహాల్ ముక్కును కూడా కుడుతుంది. ఏసీ గదిలో కూర్చోవడం మేలు. ఐస్ వేస్తే మంటతో పాటు వాసన కూడా అణిగిపోతుంది, పోల్చడానికి అది పనికిరాదు.

పరీక్ష ఇలా పెట్టుకోవచ్చు. గ్లెన్‌ఫిడిక్ 12, గ్లెన్‌లివెట్ 12 లాంటి దగ్గరి పోలికలున్న జంటను తీసుకుని, మూడు గ్లాసుల్లో రెండింటిలో ఒకటి, మూడోదానిలో రెండోది మరొకరిచేత పోయించాలి. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. ఊహించి చెప్పినా మూడింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అదే 6 సార్లు చేసి 5 లేదా 6 సార్లు సరిగా చెబితే, అది ఊహ వల్ల జరిగే అవకాశం 729కి 13, అంటే 2 శాతానికి లోపే. వాసన చూస్తే చాలు కనుక ఆరు విడతలకూ ఒక్క గుక్క మింగనవసరం లేదు.

పీట్ పొగ ఉన్నవాటిని చివరికి ఉంచండి, లేకపోతే తర్వాతి గ్లాసులన్నీ అదే వాసన వేస్తాయి. మిర్చీ కా సాలన్ తిన్న రాత్రి మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఆ గ్రాహకం అప్పటికే వేరే పనిలో ఉంటుంది.