చూసి వచ్చిన నగరాన్ని ప్యాటర్న్‌గా వేయడం: అపోహలు – వాస్తవాలు

చెన్నై టి.నగర్‌లో నేను నడిపే వారాంతపు చిత్రలేఖనం తరగతికి వచ్చేవారిలో తెలుగువాళ్లే ఎక్కువ. విదేశాల్లో పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చిన తల్లులు, కంపెనీ పని మీద తిరిగి వచ్చిన యువకులు ఫోను నిండా ఫొటోలతో వస్తారు. చూసిన ఊరిని ప్యాటర్న్ చిత్రంగా, అంటే ఒకే రూపం పదేపదే వచ్చే నమూనాగా వేయాలని అందరికీ ఉంటుంది. చేతిని ఆపేసే నమ్మకాలు కూడా అందరివీ ఇంచుమించు ఒకటే.

అపోహ: పేరున్న కట్టడం లేకపోతే ఊరిని ఎవరూ గుర్తుపట్టరు.

ఈఫిల్ టవర్‌ను వరుసగా పేర్చినంత మాత్రాన పారిస్ రాదు. ఆ నగరంలో పదేపదే కంటబడేది ఏమిటో వెతకండి. పారిస్‌లో అది బూడిదరంగు జింకు పైకప్పులు, వాటి మీద బారులు తీరిన ఎర్రమట్టి పొగగొట్టాలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ వెంబడి ఇరుకు ఇళ్లు, వాటి నెత్తిన సామాను పైకి లాగే కొక్కేలు. లిస్బన్‌లో నడిచే నేలే ప్యాటర్న్: రోస్సియో కూడలిలో నలుపు తెలుపు రాళ్లతో అలలు పరిచారు. 19వ శతాబ్దపు ఆ పనితనమే తర్వాత సముద్రం దాటి బ్రెజిల్‌లో రియోలోని కోపకబానా తీరానికి చేరింది. మీ కాళ్లకు ఆ అలలే గుర్తుంటే అలలే వేయండి, ఆ ఊళ్లో పేరున్న బెలెం బురుజును వదిలేయండి.

అపోహ: మంచి ఫొటో ఉంటే చాలు.

ఫొటోలో దగ్గరి కిటికీ పెద్దది, దూరపు కిటికీ చిన్నది. ప్యాటర్న్‌లో అన్నీ ఒకే తలం మీదకు రావాలి. డచ్ చిత్రకారుడు ఎషర్ స్పెయిన్‌లో గ్రనాడాలోని అల్‌హంబ్రా కోటను 1922లో చూశాడు. 1936లో మళ్లీ వెళ్లి, గోడల పలకల మీది అల్లికలను చేత్తో గీసుకున్నాడు. పక్షులు, చేపలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే ఆయన చిత్రాలకు ఊపునిచ్చింది ఆ గీతలే.

అందుకే ఫోను తెరవకముందే జ్ఞాపకం నుంచి గీయమంటాను. చేయి మొదట దేన్ని గీస్తే అదే మీ మూలరూపం. ఇస్తాంబుల్‌లో రుస్తెం పాషా మసీదు చూసి వచ్చిన ఒకావిడకు అక్కడి ఇజ్నిక్ పింగాణీ పలకల మీద కాస్త ఉబ్బెత్తుగా ఉండే ఎరుపు ఒక్కటే గుర్తుంది. ఫొటోలో ఆ ఎరుపు చాలా తక్కువ, నీలమే ఎక్కువ. ఆవిడ చిత్రంలో మాత్రం ఎరుపే ఏలుతోంది. దిద్దుతానంటే నేను వద్దన్నాను. జ్ఞాపకం మార్చిన కొలతలను ఫొటో చూసి సరిచేస్తే ఆ చిత్రంలో ఆవిడ మిగలదు.

అపోహ: లెక్కలు రావాలి.

తలం మీద రెండు దిక్కులా పునరావృతమయ్యే నమూనాల సౌష్ఠవాలు (జరిపినా, తిప్పినా, అద్దంలోలా తిరగేసినా నమూనా మారకుండా ఉండే తీరులు) 17 రకాలేనని రష్యా శాస్త్రవేత్త ఫెదోరోవ్ 1891లో నిరూపించాడు. ఆ లెక్క తెలియకుండానే పనివాళ్లు శతాబ్దాలుగా వాటిని వాడుతూ వచ్చారు. జనవరిలో మైలాపూర్ మాడవీధి ముగ్గుల పోటీ చూడండి. సరి చుక్కలు పెట్టే చేతికి చదరపు గడి తెలుసు. సందు చుక్కలు పెట్టే చేతికి, పక్క వరుసను సగం కిందికి జరిపే హాఫ్ డ్రాప్ ఇట్టే పట్టుబడుతుంది.

అతుకు కనబడకుండా ఉండాలంటే ఇలా చేయండి. చదరపు కాగితం నడుమ, అంచులకు తగలకుండా బొమ్మ గీయండి. నిలువుగా సగానికి కోసి, ఎడమ ముక్కను కుడికి, కుడి ముక్కను ఎడమకు మార్చి వెనక టేపు వేయండి. తర్వాత అడ్డంగా కోసి పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చండి. ఇప్పుడు నడుమ ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని నింపితే ఆ ముక్క నాలుగు వైపులా తనతో తాను కలుస్తుంది.

అపోహ: ఇది అలంకారమే, చిత్రకళ కాదు.

నాకు కోపం తెప్పించే మాట ఇదొక్కటే. 1966లో చోళమండలం కళాగ్రామాన్ని నెలకొల్పిన కె.సి.ఎస్. పణిక్కర్ అక్షరాల్లాంటి గుర్తులతో, జాతకచక్రాల గడులతో కాన్వాసులు నింపాడు. వాటిని అలంకారమని ఎవరంటారు? మీరు చేయవలసిందల్లా వరుసను ఒక్కచోట తప్పించడం. వంద కిటికీల్లో ఒకదానికి ఆరేసిన చొక్కా వేయండి, మీరు ఆగి చూసిన చోటు అదే అయితే.

అపోహ: కట్టడాలను వేయడానికి హక్కులు అడ్డు.

మన కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 52 ప్రకారం కట్టడాన్ని చిత్రంగా వేయడం ఉల్లంఘన కాదు. వేరొకరి ఫొటోను మక్కికి మక్కి దించాలంటే మాత్రం వారిని అడగాలి.

అపోహ: చెన్నై తేమలో గ్వాష్ (నీటితో కలిపే చిక్కటి రంగు) నిలవదు.

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) కాటన్ కాగితం వాడండి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం రంగుకు తగలకుండా మధ్యలో మౌంటు (అంచుల చుట్టూ వచ్చే అట్ట) వేయించండి. వానాకాలంలో చెమ్మ దిగే గోడకు మాత్రం తగిలించకండి.