సంధి విడదీసినట్టే

కనిగిరి

చిట్టీ, బుజ్జీ, తాత ఆశీస్సులు.

సైన్సు మాటలు నోరు తిరగడం లేదని, బట్టీ పట్టినా నిలవడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. బట్టీ పట్టకండమ్మా. తెలుగు పీరియడ్‌లో సంధి విడదీస్తారు కదా, వీటినీ అలాగే విడదీయండి.

మీ అమ్మమ్మ షుగరు సంగతి మీకు తెలుసు. ఒకరోజు పొద్దున మాత్ర వేసుకుంది, టిఫిన్ తినలేదు. కాసేపటికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. పాత ఆసుపత్రి చీటీలో ‘హైపోగ్లైసీమియా’ అని చదివిన గుర్తు. అంటే షుగరు పెరగడమే అనుకున్నాను. పంచదార నీళ్లు ఇమ్మని ఆమె అడుగుతుంటే డబ్బా అటకెక్కించాను. పక్కింటి నర్సమ్మాయి పరుగున వచ్చి, పంచదార కలిపి తాగించాక గానీ తేరుకోలేదు. నాకు ఆ వణికే చేతులు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

ఆ మాటలో ఉన్నవి మూడే ముక్కలు, మూడూ గ్రీకువే. హైపో అంటే కింద, గ్లైక్ అంటే తీపి, ఎమియా అంటే రక్తం. రక్తంలో తీపి తగ్గిపోవడం. ‘హైపర్’ అయితే పెరగడం. ‘అనీమియా’లోనూ అదే రక్తం, ముందున్న ‘అన్’ మన ‘అనారోగ్యం’లో ఉన్నదాని లాంటిదే.

తోక కూడా చూడాలి. మన బోరు నీళ్లలో ఉన్నది ఫ్లోరైడ్. ఫ్లోరిన్ వేరు, అది ఘాటైన విషవాయువు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు బిగుసుకుంటాయి. అదే ఫ్లోరోసిస్. చివరి ‘ఓసిస్’ ఒంటికి పట్టిన స్థితిని చెబుతుంది.

అయితే పేరు చెప్పిందల్లా నిజమని నమ్మేయకండి. ఆక్సిజన్‌ని మా పుస్తకాల్లో ఆమ్లజని అనేవాళ్లు, ఆమ్లాన్ని పుట్టించేదని. పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త లావోజియే ప్రతి ఆమ్లంలోనూ అది ఉంటుందనుకున్నాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ మాత్రమే. తప్పు తేలినా పేరు ఉండిపోయింది. కణంలో జన్యువులుండే పోగు పేరు క్రోమోజోమ్, అంటే ‘రంగు దేహం’. దానికి సొంత రంగేమీ లేదు, అద్దకం వేస్తే బాగా పట్టుకుంటుందని 1888లో ఆ పేరు పెట్టారు.

నా మోకాళ్ల రిపోర్టులో ‘ఆస్టియోఆర్థ్రైటిస్’ అని రాశారు. ఆస్టియో ఎముక, ఆర్థ్రో కీలు. ‘ఐటిస్’ ఏమిటో మీరు కనుక్కుని, ఆదివారం ఫోను చేసి నాకు చెప్పండి.

మీ తాత